నాలుగు గోడల మధ్య చలికాలం
(కోస్గి స్మారకోపన్యాస పాఠం)

చలికాలం ఊరి మీదికి వచ్చే తీరు వేరు, జైలు మీదికి వచ్చే తీరు వేరు. ఊళ్ళో చలికి మంట ఉంది, గొంగడి ఉంది, పక్కన మనిషి ఉన్నాడు. జైల్లో ఈ మూడూ ఇంకొకరి అనుమతితో దొరకాలి, లేకుంటే లేనట్టే. అయినా జైలు గోడల మధ్య చలికాలాలు గడిపి, అక్కడ కంటికీ చెవికీ దొరికిన అందాన్ని అక్షరంలో పెట్టినవాళ్ళు తెలుగువారిలోనూ ఉన్నారు, బయటి ప్రపంచంలోనూ ఉన్నారు. ఆ అందం ఎక్కడి నుంచి వచ్చింది, దానికి ఏమేం తోడయ్యాయి, అది ఎక్కడ ఆగిపోయింది, దాన్ని చదివేవాళ్ళ మీద పడే బాధ్యత ఏమిటి అన్నవే ఇక్కడి అంశాలు.

1. కోస్గి చలి

కోస్గి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో, ఇప్పటి నారాయణపేట జిల్లాలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న మెట్టనేల పట్నం. సముద్రం దూరం, నేల ఎత్తు, గాలి పొడి. కార్తీకం దాటాక ఆకాశం తేటపడుతుంది. మబ్బు కప్పు లేని రాత్రి, పగలంతా నేల దాచుకున్న వేడి పైకి వెళ్ళిపోతుంది. అందుకే తెల్లవారుజామున వణికించే చలి, మధ్యాహ్నానికి చురుక్కుమనే ఎండ. కోస్తాలో చలితోపాటు తేమ కూడా ఉంటుంది. ఇక్కడి చలికి పెదవులు పగులుతాయి, మడమలు చీలుతాయి.

ఈ కాలమే ఈ నేలకు కడుపు నింపే కాలం కూడా. నల్లరేగడిలో యాసంగి జొన్న కంకి వేస్తుంది, శనగ పూస్తుంది, కంది కోతకొస్తుంది. పక్కనున్న తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. చేలగట్ల మీద లేత జొన్నకంకులు కాల్చి ఊచబియ్యం తింటారు. ఇళ్ళలో అనపకాయలు ఉడుకుతాయి. సంక్రాంతికి నువ్వులద్దిన సజ్జరొట్టెలు చేస్తారు. దక్కనీ గొర్రె ఉన్నితో కురుమలు నేసే గొంగడి వానకూ చలికీ కాపరికి ఇల్లే. పొద్దుగూకినా, పొద్దు పొడవకముందైనా సలిమంట చుట్టూ నలుగురు చేరతారు. కతలు, కష్టసుఖాలు, పంట ధరలు అక్కడే నడుస్తాయి.

ఈ ప్రాంతంలో చలికాలపు అందమంతా ఇట్లా తిండితోనూ నిప్పుతోనూ పదిమందితోనూ పెనవేసుకుని ఉంది. మనిషిని జైల్లో పెట్టినప్పుడు మొదట తెగేవి ఈ ముడులే. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా ఈ ప్రాంతంలోని కొడంగల్ తాలూకా గుల్బర్గా జిల్లాలో ఉండేది. ఆ గుల్బర్గా జైల్లోనే 1939లో ఆర్యసమాజ సత్యాగ్రహులను నిర్బంధించారు. నిజాం రాజ్యంలో జైలు అన్నమాట ఈ పల్లెలకు దూరపు సంగతి కాదు.

2. జైలు చలి

పాతకాలపు జైళ్ళు రాతితోనో, మందపాటి ఇటుక గోడలతోనో కట్టినవి. మందపు గోడ వేసవిలో కొంత మేలు చేస్తుంది. చలికాలంలో ఒకసారి చల్లబడ్డాక మాత్రం తొందరగా వేడెక్కదు. గచ్చు నేల మీద పలచని పరుపో, చాపో వేసుకుని పడుకున్న మనిషి ఒంటి వేడిని ఆ గచ్చు రాత్రంతా లాగేస్తూ ఉంటుంది. ఇనుప ఊచల తలుపు గాలిని ఆపదు. నిప్పు రాజేయడానికి వీల్లేదు. సాయంత్రం లాకప్ అయ్యాక తెల్లవారేదాకా నడవడానికి చోటు లేదు. ఈ ప్రాంతపు అక్షాంశం దగ్గర డిసెంబరు చివర రాత్రి సుమారు 13 గంటలు. అన్ని గంటలూ ఖైదీ ఒక గదికీ ఒక దుప్పటికీ కట్టుబడి ఉంటాడు.

ఎండ సంగతి కూడా తెలుసుకోదగ్గది. దక్షిణాయనం చివర ఇక్కడ మధ్యాహ్నవేళ కూడా సూర్యుడు నడినెత్తికి రాడు. దక్షిణాన సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఆగుతాడు. అప్పుడు 20 అడుగుల ప్రహరీ గోడ నీడ మిట్టమధ్యాహ్నం సైతం దాదాపు 17 అడుగులు పడుతుంది. పొద్దునా సాయంత్రం ఆవరణ అంతా నీడే. అంటే జైలు ఆవరణలో ఎండ ఉన్న చోటు చిన్నది, అది గంటగంటకూ జరుగుతుంది, ఖైదీలు దానితోపాటు జరుగుతారు.

ఇదే కోణం ఇంకో పని కూడా చేస్తుంది. మే నెలలో నడినెత్తిన ఉండే సూర్యుడు గదిలోకి తొంగిచూడడు. డిసెంబరులో మాత్రం, దక్షిణానికి తెరిచిన 7 అడుగుల ఊచల తలుపు గుండా మధ్యాహ్నపు ఎండ సుమారు 6 అడుగులు లోపలికి నడిచి వస్తుంది. ఊచల నీడలు నేల మీద గీతలై పడతాయి. ఖైదీ ఆ ఎండలో కాళ్ళు చాపుకోగలడు, పుస్తకం చదువుకోగలడు, గీతల జరుగుబాటును బట్టి పొద్దు లెక్కించుకోగలడు. ఏడాది మొత్తంలో ఆ గది సూర్యుణ్ణి చూసే కాలం అదే. జైలు రచనల్లో వెలుతురు గురించీ ఎండపొడ గురించీ అంత శ్రద్ధగా రాయడానికి ఇటువంటి గట్టి కారణాలున్నాయి. చలి ఎంత నిజమో ఆ ఎండ అంత నిజం.

3. ఇందూరు ఖిల్లా

తెలంగాణ సాహిత్యంలో జైలు అనగానే గుర్తొచ్చే జంట దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి. ఇద్దరూ 1947–48లో నిజామాబాదు జైల్లో ఉన్నారు. ఆ జైలు ఇందూరు (నిజామాబాదు పాత పేరు) గుట్ట మీది పాత ఖిల్లాలోనే ఉండేది. అక్కడే రఘునాథాలయం ఉంది. గుట్ట మీద కోట కాబట్టి గాలికి అడ్డు లేదు. ఉత్తర తెలంగాణ చలి ఆ రాళ్ళను పట్టుకుంటే తెల్లారినా వదలదు.

దాశరథి 1925లో చిన్నగూడూరులో పుట్టాడు. జైలుకు వెళ్ళేనాటికి పాతికేళ్ళు నిండని యువకుడు. కాగితం, కలం దొరకనిచోట బొగ్గుముక్కతో గోడ మీద పద్యాలు రాశాడు. బొగ్గు చలికాలపు వస్తువు. ఊళ్ళో అది సలిమంటకు పనికొస్తుంది. జైల్లో ఆ మంట లేదు, బొగ్గు మాత్రం అక్షరానికి పనికొచ్చింది. గోడ మీద రాసింది చెరిపేయవచ్చు, సున్నం కొట్టవచ్చు. అయితే పద్యానికి ఛందస్సు ఉంది, యతిప్రాసలున్నాయి, అది నోటికి పట్టుకుంటుంది. కాగితం లేని జైల్లో పద్యం ప్రయోజనం బయట కంటే ఎక్కువ. విడుదలయ్యాక 1949లో వచ్చిన ‘అగ్నిధార’ను దాశరథి తోటి ఖైదీ ఆళ్వారుస్వామికి అంకితమిచ్చాడు. ఆ చెరలో పుట్టిన స్నేహం విలువను ఆ అంకితం చెబుతుంది.

ఆళ్వారుస్వామి 1915లో నల్లగొండ జిల్లా చెరువుమాదారంలో పుట్టాడు. బడిచదువు పెద్దగా లేదు. ఇళ్ళలో పని చేసి, హోటల్లో పని చేసి, చదువు తానే నేర్చుకున్నాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి పుస్తకాలు అచ్చేసి, మోసుకుని తిరిగి అమ్మాడు. ‘ప్రజల మనిషి’ నవల ఆయన పేరు నిలిపింది. ‘జైలు లోపల’ కథలు ఇక్కడి అంశానికి మరింత దగ్గర. రాజకీయ ఖైదీగా ఉన్న రచయిత తన కష్టాన్ని పక్కన పెట్టి, దొంగతనానికో హత్యకో శిక్ష పడిన మామూలు ఖైదీల వైపు చూశాడు. వాళ్ళు ఎందుకు వచ్చారు, ఏ పరిస్థితి తోసింది, వాళ్ళ మనసులో ఏముంది అని అడిగాడు. చలి రాత్రి బ్యారక్‌లో ఒకరి పక్కన ఒకరు పడుకున్నప్పుడు రాజకీయ ఖైదీ, మామూలు ఖైదీ అనే తేడా పలచబడుతుంది. ఆళ్వారుస్వామి కథల్లోని అందం ఆ చూపులో ఉంది. పూలూ వెన్నెలా లేకుండానే ఆయన జైల్లో అందాన్ని పట్టుకున్నాడు. లోకం పనికిరానివాడని పక్కన పడేసిన మనిషి ముఖంలో అది ఆయనకు కనిపించింది.

4. అహ్మద్‌నగర్ కోట

1942 ఆగస్టు 9న క్విట్ ఇండియా ఉద్యమం మొదలవుతుండగానే కాంగ్రెస్ కార్యవర్గాన్ని అరెస్టు చేసి అహ్మద్‌నగర్ కోటకు తరలించారు. ఆ పన్నెండు మందిలో నెహ్రూ, పటేల్, మౌలానా ఆజాద్‌తోపాటు మచిలీపట్నానికి చెందిన భోగరాజు పట్టాభి సీతారామయ్య ఉన్నారు. పట్టాభి ఆ నిర్బంధంలో రాసుకున్న దినచర్య 1946లో ‘ఫెదర్స్ అండ్ స్టోన్స్’ పేరుతో వెలువడింది. నెహ్రూ అక్కడే 1944లో ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’ రాశాడు. కోట ఆవరణలోని రాళ్ళనేలను తవ్వి పూలమొక్కలు వేసిన సంగతీ అందులో చెప్పాడు.

చలికాలం గురించి ఆ కోటలో అందరికంటే ప్రేమగా రాసినవాడు ఆజాద్. ఆయన ‘గుబార్-ఎ-ఖాతిర్’ ఉర్దూ ఉత్తరాల సంపుటి. మిత్రుడు హబీబుర్ రహమాన్ ఖాన్ షేర్వానీని ఉద్దేశించి రాసిన ఉత్తరాలవి. జైలు నుంచి పంపే వీలు లేక అక్కడే ఉండిపోయి, 1946లో పుస్తకమయ్యాయి. ఆజాద్‌కు చలి అంటే ఇష్టం. గడ్డకట్టించేంత చలి ఉండాలి, రాత్రి కావాలి, పొయ్యిలో మంటలు ఎత్తుగా లేవాలి, ఆ మంట పక్కన కూర్చుని చదువుకోవాలి, రాసుకోవాలి: జీవితంలో సుఖమంటే తన ఊహలో ఇదేనన్నాడు. అహ్మద్‌నగర్‌లో అంత చలీ లేదు, ఆ మంటా లేదు. తెల్లవారుజామున మూడూ నాలుగు గంటలకే లేచి, తన చేత్తో టీ కాచుకుని, ఆ నిశ్శబ్దంలో కలం పట్టడం మాత్రం ఆయన చేతిలో ఉంది. తనకిష్టమైన చైనా మల్లె టీ మీద పేజీలకు పేజీలు రాశాడు. గదిలో గూళ్ళు కట్టిన పిచ్చుకలతో మొదట పోరాడి, తర్వాత బియ్యపు గింజలతో వాటిని మచ్చిక చేసుకున్న కథ ఆ పుస్తకంలో అందరికీ నచ్చే భాగం. ఆ చెరలో ఉండగానే 1943లో ఆయన భార్య జులేఖా బేగం కలకత్తాలో చనిపోయింది. ఆ దుఃఖమూ, ఆ టీ పరిమళమూ ఒకే పుస్తకంలో ఉన్నాయి.

నెహ్రూ అంతకుముందు డెహ్రాడూన్ జైల్లో గడిపిన చలికాలం గురించి ‘ఆత్మకథ’లో రాశాడు. చలికి చెట్లన్నీ మోడై, జైలు గేటు ముందున్న నాలుగు రావిచెట్లు కూడా ఆకులు రాల్చడం, ఆ వెంటనే వసంతం వచ్చి మళ్ళీ చిగురించడం ఆయన రోజూ గమనించాడు. బయట తీరిక లేని నాయకుడికి చెట్టు చిగురించే క్రమాన్ని పూర్తిగా చూసే అవకాశం జైలు గేటు దగ్గర దొరికింది.

ఈ జాతీయ నాయకులందరికీ కొన్ని సౌకర్యాలు ఉన్నాయన్నది మరచిపోరానిది. పుస్తకాలు, కాగితం, టీ, సాటి మేధావుల తోడు వాళ్ళకు దక్కాయి. అదే కాలంలో వేలమంది మామూలు సత్యాగ్రహులకు అవి లేవు. జైలు అందం గురించిన సాహిత్యంలో ఎవరి అనుభవం అక్షరమైంది, ఎవరిది కాలేదు అన్నది వర్గాన్నీ చదువునూ బట్టి తేలింది.

5. ఒంటరి గది

తోడు లేనిచోట అందం ఎలా నిలుస్తుందో చూడాలంటే ఒంటరి నిర్బంధంలోని రచనల దగ్గరికి రావాలి. విప్లవ కవి వరవరరావు 1980ల రెండో సగంలో సికింద్రాబాద్ జైల్లో ఉండి రాసిన ఉత్తరాలు ‘సహచరులు’గా వచ్చాయి. 2010లో ఇంగ్లీషులో ‘కాప్టివ్ ఇమాజినేషన్’ పేరుతో, కెన్యా రచయిత గూగీ వా థియాంగో ముందుమాటతో వెలువడ్డాయి. ములాఖత్, ఉత్తరం, పుస్తకం, చెట్టు, ఎదురుచూపు వాటిలోని విషయాలు. మనిషి మాట వినపడని చోట వస్తువులే సహచరులవుతాయి. గూగీ తాను కెన్యాలోని కమితి జైల్లో 1978లో ఒక నవలను మరుగుదొడ్డి కాగితం మీద రాశాడు. దాన్ని వరవరరావు జైలు నుంచే తెలుగు చేశాడు. ఒక జైలు రచన ఇంకో జైలు గదిలో తెలుగైన సందర్భం అది.

చలికాలపు జైలు ఉత్తరాల్లో ప్రపంచమంతటా పేరున్నది 1917 డిసెంబరులో జర్మనీ విప్లవ నాయకురాలు రోజా లక్సెంబర్గ్ బ్రెస్లావ్ జైలు నుంచి మిత్రురాలు సోఫీ లీబ్‌క్నెఖ్ట్‌కు రాసింది. చీకటి గదిలో గట్టి పరుపు మీద పడుకుని, కాపలావాడి బూట్ల కింద ఇసుక కరకరలాడడం వింటూ, తనలో కారణం తెలియని సంతోషం కదలడాన్ని ఆమె వర్ణించింది. అదే ఉత్తరంలో, జైలు ఆవరణలో బండి లాగే దున్నలను సైనికుడు చర్మం చిట్లేలా కొట్టిన దృశ్యమూ ఉంది. సంతోషాన్ని చెప్పిన చేతితోనే ఆ నెత్తుటినీ రాసింది. అందం చూడగలిగిన కన్ను హింసను చూడకుండా ఉండలేదు. ఆ ఉత్తరానికి ఉన్న బలం ఈ రెండూ ఒకచోట ఉండడమే.

6. నాగపూర్ చలి

జైల్లో చలికాలం అందంగా మారని చోటు కూడా ఉంది. అమలాపురంలో 1967లో పుట్టి, ఢిల్లీలో ఇంగ్లీషు సాహిత్యం బోధించిన జి.ఎన్. సాయిబాబా పోలియో వల్ల చిన్ననాటి నుంచీ నడవలేడు. చక్రాల కుర్చీయే ఆయన కాళ్ళు. 2017 మార్చిలో శిక్ష పడి నాగపూర్ సెంట్రల్ జైలు అండా సెల్‌లో (గుడ్డు ఆకారపు గట్టి కాపలా గదిలో) ఉన్న ఆయన, ఆ అక్టోబరులో భార్యకు రాసిన ఉత్తరంలో రాబోయే చలికాలాన్ని తలుచుకుని భయపడ్డాడు. అప్పటికే జ్వరంతో వణుకుతున్నానని, దుప్పటి లేదని, స్వెట్టరు లేదని, చలి పెరిగేకొద్దీ కాళ్ళలోనూ ఎడమ చేతిలోనూ నొప్పి భరించరానిదవుతోందని రాశాడు. మధ్యభారతంలో డిసెంబరు, జనవరి రాత్రులు పది డిగ్రీల కిందికి కూడా దిగుతాయి. కదల్లేని శరీరం చాలినంత వేడిని తయారు చేసుకోలేదు. నడిచి చలి కాచుకోవడమన్నది కాళ్ళున్నవాడికే సాధ్యం.

ఆ జైలు నుంచే ఆయన కవితలు, ఉత్తరాలు రాశాడు. అవి 2022లో ఇంగ్లీషు పుస్తకంగా వచ్చాయి. 2024 మార్చి 5న బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి ఆయన్ను నిర్దోషిగా తేల్చింది. అదే ఏడాది అక్టోబరు 12న హైదరాబాదులో కన్నుమూశాడు. ఆ కవితలు ఉన్నాయని ఆ చలి సమర్థనీయం కాదు. ఒక దుప్పటి ఇచ్చి ఉంటే కవిత్వానికి వచ్చే లోటేమీ లేదు.

చలిని శిక్షకు అదనపు శిక్షగా వాడుకోవడం ఒక్క దేశానికి పరిమితం కాలేదు. 1964లో రాబెన్ దీవికి తెచ్చిన నల్లజాతి ఖైదీలకు పొట్టి లాగులు ఇచ్చారు, భారతీయులకూ మిశ్రమ జాతీయులకూ పొడుగు ప్యాంట్లు ఇచ్చారు. సముద్రపు చలిలో ఎవరి కాళ్ళు కప్పాలో చర్మం రంగు నిర్ణయించింది. అక్కడ మండేలా జైలు ఆవరణలో చిన్న తోట పెంచిన సంగతి ఎంత గుర్తుంచుకుంటామో, ఆ పొట్టి లాగుల సంగతీ అంత గుర్తుంచుకోవాలి.

7. అందానికి ఆధారాలు

ఈ అనుభవాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే జైల్లో చలికాలపు అందానికి మూడు ఆధారాలు కనిపిస్తాయి.

మొదటిది చూపు. గోడల మధ్య చూడదగినవి తగ్గిపోయినకొద్దీ మిగిలినవాటి మీద శ్రద్ధ పెరుగుతుంది. పిచ్చుక, ఎండపొడ, రావిచెట్టు మోడు, ఆవరణలో నాలుగు మూలల ఆకాశం, తెల్లవారుజామున ఊచల సందుల్లో కనిపించే చుక్క: బయటివాడు రోజూ దాటిపోయే వీటిని ఖైదీ రోజూ పలకరిస్తాడు. చలికాలపు తేట ఆకాశం, ఏటవాలు ఎండ ఈ చూపుకు సాయపడతాయి.

రెండోది పని. గోడ మీద బొగ్గు గీయడం, టీ కాచుకోవడం, మొక్కకు నీళ్ళు పోయడం, అనువాదం చేయడం వంటివి చేతికి పట్టు ఇస్తాయి. ఏ పనీ లేని మనిషికి 13 గంటల రాత్రి కేవలం చలిగానే మిగులుతుంది. పని ఉన్నవాడికి అదే రాత్రి రేపు రాయబోయే వాక్యాన్ని సిద్ధం చేసుకునే సమయం అవుతుంది.

మూడోది తోడు. దాశరథికి ఆళ్వారుస్వామి, ఆళ్వారుస్వామికి పేరులేని ఖైదీలు, ఆజాద్‌కు చేరని ఉత్తరాలు అందుకోవలసిన మిత్రుడు. ఎదురుగా ఉన్నా, ఊహలో ఉన్నా వినేవాడు ఒకడు కావాలి. అందం ఒంటరి మనసులో పుట్టినా, ఎవరికో చెప్పాలన్న కోరికతోనే బతుకుతుంది.

ఈ మూడూ ఖైదీ సంపాదించుకున్నవి. జైలు గోడ వాటిని ఇవ్వలేదు. కష్టం మనిషిని కవిని చేస్తుందన్న మాట తేలిగ్గా అనే అలవాటు ఉంది. చలిలో వణికి, ఒక్క అక్షరమైనా రాయకుండా జబ్బుపడి చనిపోయినవాళ్ళ సంఖ్య రాసినవాళ్ళ సంఖ్యకు ఎన్నో రెట్లు. వాళ్ళ మౌనాన్ని కూడా కలుపుకుని చదివినప్పుడే జైలు సాహిత్యం పూర్తిగా అర్థమవుతుంది.

8. దుప్పటి, కిటికీ, కాగితం

ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం 2015 డిసెంబరు 17న ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు ఈ విషయాలను సూటిగా చెబుతాయి. గది వాతావరణానికి తగ్గట్టుండాలి, గాలీ వెలుతురూ వెచ్చదనమూ చూసుకోవాలి. సహజమైన వెలుతురులో చదువుకునేంత పెద్ద కిటికీ ఉండాలి. వాతావరణానికి సరిపడే బట్టలు, ఎవరి పడక వారికి, శుభ్రమైన పక్కబట్టలు ఇవ్వాలి. రోజుకు కనీసం ఒక గంట ఆరుబయట గడపనివ్వాలి. ప్రతి జైల్లో గ్రంథాలయం ఉండాలి. వరుసగా 15 రోజులు మించిన ఒంటరి నిర్బంధం నిషిద్ధం. పైన చెప్పుకున్న రచయితలు ఎండపొడ గురించీ పుస్తకం గురించీ తోటి మనిషి గురించీ రాసిందంతా ఈ నియమాల్లో హక్కుల భాషలో కనిపిస్తుంది.

మన దేశపు న్యాయస్థానాలు కూడా ఈ దారిలో కొన్ని అడుగులు వేశాయి. ఒక నిర్బంధితుడు జైల్లో మరాఠీలో రాసిన అణుశాస్త్ర గ్రంథాన్ని అచ్చుకు పంపుకోవచ్చని సుప్రీంకోర్టు 1965లో తీర్పిచ్చింది. విశాఖపట్నం సెంట్రల్ జైలు ఖైదీలు వేసిన భువనమోహన్ పట్నాయక్ కేసులో, శిక్ష పడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ పోవని 1974లో చెప్పింది. దేశంలోని ఖైదీల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది ఇంకా విచారణలోనే ఉన్నవాళ్ళు. అంటే ప్రతి చలికాలమూ మన జైళ్ళలో గచ్చు మీద పడుకునేవాళ్ళలో ఎక్కువమంది నేరం రుజువు కానివాళ్ళు.

కోర్టు విధించే శిక్ష స్వేచ్ఛను తీసేయడం వరకే. ఒంటి వెచ్చదనాన్ని తీసేయడం ఏ తీర్పులోనూ ఉండదు. అందుచేత దుప్పటి, స్వెట్టరు, ఎండ తగిలే వేళ, చదవడానికి వెలుతురు, రాయడానికి కాగితం ఖైదీకి దయతో ఇచ్చేవి కావు, ఇవ్వవలసినవి. జైలు గ్రంథాలయానికి పుస్తకాలు చేర్చడం, విచారణ ఖైదీకి ఉచిత న్యాయసహాయం అందేలా చూడడం, చలి మొదలవకముందే పక్కబట్టల లెక్క అడగడం పట్టణాల్లోని గ్రంథాలయాలు, న్యాయవాదులు, సాహిత్య సంఘాలు చేయగల పనులు. జైల్లో పుట్టిన పద్యాన్ని సభల్లో చదివి గౌరవించే సమాజానికి ఆ పద్యం పుట్టిన చలిని తగ్గించే బాధ్యత కూడా ఉంది.